రెండు కంపెనీల తగవు

సాల్మియా, ఏడో అంతస్తు, గురువారం రాత్రి.
మిషారీది ఎర్ర కంపెనీ. బదర్‌ది నీలం.
"కుల్లాయమ్మా, ఎవురు గొప్ప? నువ్వే చెప్పు"
నా ఏప్రన్ చెరో కొస పట్టుకోని ఇద్దరూ.

నాకిది కొత్తా?
రాయచోటిలో ఒకే గోడ కోసం
రెండు అభిమాన సంఘాలు
ఒకరి హీరో మొగం మీద ఇంకొకరు
పేడనీళ్ళు చల్లుకుంటాంటే
బిందె ఎత్తుకోని పక్కకు తప్పుకున్నదాన్ని.

సినిమాలంటే ఎర్రోళ్ళవే, ఒప్పుకుంటా.
లోకం కూలిపోతాన్నా పరాచికాలాడతారు,
పేర్లన్నీ పడినాక కూడా కొసరు ముక్క ఒకటి వేస్తారు,
కూరగాయలామె గుప్పెడు కరేపాకు వేసినట్టు.
నీలమోళ్ళ సినిమాల్లో ఎప్పుడూ ముసురు.
ఎవుడు ఎవుణ్ణి కొడతాండాడో చీకట్లో తెలీదు.

కానీ కార్టూన్లు?
ఆ నీలం బొమ్మలు అరబ్బీ మాట్లాడతాయి, పుస్తకాల అరబ్బీ.
నాకు మాట వచ్చింది వాటి నోట్లోనుంచే.
మొదటి నెల ఇరానీ రొట్టెల కొట్టుకాడ
నేను నాలుగు రొట్టెలడిగితే
వరసలోని ఈజిప్టు ముసలాయన
కండ్లనీళ్ళు పెట్టుకోని నవ్వినాడు.
పద్యనాటకంలో రాజు కిరీటంతోనే
బీడీ అప్పడిగినట్టుండాది మరి నా మాట.

మొన్న రెండు నెలల జీతం నిలిచిపోతే
హాల్లోకి పోయి, చీపురు కిందపెట్టి,
అదే భాషలో, అదే గొంతులో
నా హక్కు నాకిమ్మన్నా.
బాబా టీవీ వైపు చూసినాడు, నా వైపు చూసినాడు.
ఒక నెలది ఇచ్చినాడు.

"నీలం" అన్నా.
మిషారీ అలిగి దిండులో మొగం పెట్టినాడు.
వాళ్ళ కంపెనీకి అరబ్బీ రాకపోతే
నేనేం జేసేది?