నాలుగు వేళ్లు

లియేజ్ ఊళ్లో బ్యురెన్ మెట్లు మూడువందల డెబ్భై నాలుగు.
నా గది మూడువందల పదో మెట్టు పక్కన.
ఇల్లు మారిన రోజే తెలిసింది
ఏ వస్తువు బరువెంతో.

కుర్చీ రెండువందల మెట్టు దగ్గర మొండికేసింది.
దీపం స్టాండు ఆ దారినే పోతున్న ఎవరికో ఇచ్చేశాను.
ఇరవై ఏళ్లుగా పోగేసిన కామిక్స్,
గట్టి అట్టల ఆల్బమ్‌లు, పదకొండు పెట్టెలు,
అసలు మొదటి మెట్టే ఎక్కలేదు.
ఆదివారం మ్యూజ్ నది ఒడ్డున సంతలో
కోళ్ల గంపలకీ జున్ను బల్లకీ మధ్య
నేల మీద పరుచుకుని కూర్చున్నాను.
ఒక పిల్లాడు కొనకుండానే మూడు చదివేశాడు.
అదిలించబుద్ధి కాలేదు.
నేను చదువు నేర్చుకున్నదీ అలాగే,
ఎవరి దుకాణంలోనో నిలబడి.

చీకటి పడేసరికి ఒక్కటి మిగిలింది,
చివరి పేజీ చిరిగినది.
చంకలో పెట్టుకుని ఎక్కాను.
ఆయాసం రాలేదని అబద్ధమాడను.

ఇప్పుడో బల్ల, దాని ముందు కిటికీ.
ఉన్న రెండు కుంచెల్లో ఒకదానికి జుట్టు రాలిపోతోంది,
గడ్డి గీయడానికి అదే నయం.

వెనకటి ఇంట్లో గోడకి చార్టు ఉండేది.
రోజుకి రెండు పేజీలు,
అయిన పేజీకి ఒక ఎర్ర చుక్క.
బొమ్మ కోసం చుక్కో, చుక్క కోసం బొమ్మో,
ఏదైతేనేం,
ఒక మార్చి నెలలో నాకే చుక్కలు కనిపించాయి.

మా పనిలో ఒక పాత కిటుకుంది.
మనుషులకి నాలుగు వేళ్లే వేస్తాం.
చేతికో వేలు తగ్గితే, పేజీకి నలభై చేతులైతే,
ఏడాదికి ఎన్ని గంటలు ఆదా అవుతాయో
లెక్కకట్టి ఎడిటర్‌కి గొప్పగా చెప్పాను కూడా.
ఆదా అయిన ఆ గంటలు ఎటు పోయాయో
ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

మొన్న వానలో కింది గది సెర్వే గారు
ఉల్లికాడల సూప్ గిన్నె పట్టుకుని వచ్చాడు.
సెరాం ఉక్కు మిల్లులో ముప్పై ఒక్కేళ్లు చేసిన మనిషి.
బల్ల మీది కాగితం వైపు వంగి
"ఇది నా చెయ్యే కదా గిస్లేన్" అన్నాడు.
తన ఎడమ చెయ్యి పక్కన పెట్టి చూపించాడు.
చిటికెన వేలు లేదు.

"ఆ నెల రికార్డు మా షిఫ్టుదే.
ఫోర్‌మన్ అందరికీ బీరు పోయించాడు.
నాక్కూడా.
కుడిచేత్తో తాగాను."

ఏమనాలో తోచలేదు.
నువ్వెందుకు నాలుగే వేశావని అడిగాడు.
తొందర, అన్నాను.
"వాళ్లదీ అదే" అన్నాడు,
కోపమేం లేకుండా,
సూప్ మీది మూత తీస్తూ.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నేను వదిలేసి వచ్చినవి ఉన్నాయి,
ఆయన దగ్గర ఊడబెరికినది ఉంది.
రెంటికీ 'తక్కువ' అన్న ఒక్క మాటే
ఎలా సరిపెడతాం?

చార్టు మళ్లీ పెట్టలేదు.
వారానికి ఒక పేజీ, ఒక్కోసారి అదీ లేదు.
నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తున్నాయి,
అద్దె మాత్రం ప్రతి నెలా కాస్త నసుగుతుంది.

కొత్త కథలో అందరికీ ఐదు వేళ్లు వేస్తున్నాను,
బ్రెడ్డు కోసే అమ్మాయికీ, ట్రాం ఎక్కే పిల్లలకీ,
ఎక్కడో మూలన కనపడీ కనపడని జనానికీ.
మూడో పేజీలో ఒక్క ముసలాయనకే నాలుగు.
ఐదు వేళ్లు చకచకా వచ్చేస్తాయి.
ఆ లేని వేలు, దాని మొదట్లో ముడతపడ్డ చర్మం,
అది గీయడానికి పూటంతా పట్టింది.

పిలిచి చూపించాను.
కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.
"బొటనవేలికి గోరు మరిచావు" అన్నాడు.

నిజమే.
కుంచె మళ్లీ తడిపాను.