నలభై మూడు శాతం

అమలాపురం కాలేజీ స్టాఫ్ రూములో ఫ్యాను
మూడు మీద పెడితే రెండో నంబరు గాలే ఇస్తుంది.
ముప్పై ఆరు అసైన్‌మెంట్లు, ముప్పై ఆరు రిపోర్టులు.
"ఇరవై శాతం దాటితే సున్నా వెయ్యండి"
అని ప్రిన్సిపాలు గారి సర్క్యులరు,
సంతకం పక్కన టీ మరక.

నేలపూడి కెజియా, ఫైనలియరు.
అంశం: మా ఊరి కాలువ.
నలభై మూడు.
తెర నిండా ఎర్రనీరు దిగింది.

ఎర్ర పెన్ను మూత తీశాను.
తీసి, ఎందుకో ఆగాను.

ధవళేశ్వరంలో పదకొండు ముప్పావు అని కబురొస్తే
లంకలో వాళ్లు ఆ నిమిషమే గొడ్లను తోలరు.
ఏ నీరు? అంటారు. శబరిదా, ఇంద్రావతిదా?
పైన ఇంకా పెరుగుతోందా, తీస్తోందా?
అడుగుల లెక్క వేరు, నీటి లెక్క వేరు.

ఒక్కో ఎర్ర చార పట్టుకుని ఎగువకు నడిచాను.

మొదటి పదకొండూ నా ప్రశ్నే.
ప్రశ్నను పూర్తిగా ఎక్కించుకుని జవాబు రాయమన్నది నేనే.
ఇంకో తొమ్మిది, చివర్న పుస్తకాల పట్టీ.
ఎవరింట్లో ఏం బదులు తెచ్చుకుందో
నిజాయితీగా రాసిన కాగితం;
దాన్నీ దొంగసొత్తులో జమకట్టింది యంత్రం.
మరో తొమ్మిది చిల్లర:
"మధ్య డెల్టా ప్రధాన కాలువ",
"ఖరీఫ్ సాగుకు నీటి విడుదల".
ఇంకెలా రాస్తుంది పిల్ల?
కాలువకు ఇంటిపేరు మారుస్తుందా?

మిగిలింది పద్నాలుగు.
అది మాత్రం నిజంగా ఎరుపు.
ఒకే పేరా, ఏదో పాత నివేదికలోది,
కామా కూడా కదలకుండా.

పిలిపించాను.
చేతికి ఇంకా స్కూటీ తాళమే ఉంది, వణుకుతూ.
"మా నాన్న రిజిస్టర్‌లోది మేడమ్.
లాకుల దగ్గర లస్కరు. ఎవరో ఆఫీసరు చదువుతుంటే
రాసుకున్నాడంట. నేను నాన్న మాటే అనుకున్నా."
కాసేపాగి,
"నాన్న మాటక్కూడా కొటేషన్లు పెట్టాలా మేడమ్?"

జవాబు నాకు తెలుసు.
గొంతులోంచి రావడానికే టైము పట్టింది.
"పెట్టాలి. ఆయన పేరు కూడా రాయాలి."

తర్వాతి కాగితం యర్రంశెట్టి తేజోమూర్తిది.
రెండు శాతం. పచ్చగా, నాట్లేసిన వారానికి చేనులా.
చదివాను.
"తాళాల సమీపమున నావ నిలుచును.
గొట్టము తెరువగా జలవాహిక పొంగును."
తాళాలేమిటి? అని రెండు నిమిషాలు కూర్చున్నా.
లాకులు! తూము! కాలువ!
ఎవరి వ్యాసాన్నో ఏదో మరలో వేసి
మాట మాటకీ చొక్కా మార్పించాడు.
ముమ్మిడివరం కాలవ గట్టున పుట్టినవాడు
లాకును తాళం అంటాడా?
యంత్రానికి ఆ సంగతి తెలీదు.
దానికి పోలిక తెలుసు, పోకడ తెలీదు.

మళ్లీ కెజియా కాగితం తీశాను.
నాలుగో పేజీ అడుగున తెల్లగా ఒక వాక్యం,
ఏ రంగూ అంటలేదు:
"తలుపు ఎత్తే ముందు, కింద చేలో
ఎవరైనా వొంగి ఉన్నారేమో చూడాలి."
ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటోంది రిపోర్టు.
ఉంది. లాకుల దగ్గర రోజూ ఉంటుంది.

సోమవారం మళ్లీ పెట్టింది.
ఆ పేరాకు రెండు వైపులా కొటేషన్లు,
నివేదిక పేరు, పేజీ నంబరు,
తెల్ల వాక్యం కింద చిన్న అక్షరాల్లో
"నేలపూడి ఏసుపాదం, లస్కరు, మా నాన్న, నోటిమాట."

పట్టీలో ఇంకో పుస్తకం చేరింది కదా,
ఈసారి నలభై నాలుగు.

సర్క్యులరు పక్కన పెట్టుకుని కూర్చున్నాను.
ప్రిన్సిపాలు గారిది రాజమండ్రి టౌను.
ఎర్రనీరంటే ఏమిటో
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?