తలాంతు

గ్రాట్యుటీ పడిందో లేదో
గ్రీమ్స్‌పేటలో మా మెట్లెక్కినాడు జోజప్ప,
మా విచారణ పిల్లోడే,
ఫండ్ల ఏజెంటు.

పధ్నాలుగు శాతం అక్కా, అన్నాడు.
కాఫీ ఇచ్చి, కళ్ళద్దాలు వెతుక్కుని,
నా డబ్బు ఎవరింట్లో పనికి చేరుతుందో చూపించమన్నా.
ఫోన్‌లో జాబితా జరిపినాడు.
బ్యాంకు. సిమెంటు. మందులు.
నాలుగోది సిగరెట్లు.

ఇరవై రెండేళ్ళు క్షయ వార్డులో
రాత్రి డ్యూటీలు చేసినదాన్ని.
దగ్గు విని మంచం నంబరు చెప్పేదాన్ని.

"నూటికి ఆరు రూపాయలే గదక్కా!"
ఆరు రూపాయలకు ఎంత ఊపిరి పోతుందో
వాడికేం తెలుసు.

పాపసంకీర్తనం అయ్యాక ఫాదర్‌ని అడిగినా.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
మన మేత్రాసనం డబ్బు ఎక్కడుందో
నేనూ అడగాలమ్మా, అన్నాడు.

పోనీ బీరువాలో పెడదామంటే
తలాంతును మట్టిలో పూడ్చినవాడికి
ఏమైందో ఏటా వింటూనే ఉన్నాం.

సగం పోస్టాఫీసులో వేసినా.
అది అక్కణ్ణుంచి ఎటు పోతుందో అడగలేదు,
అంత ధైర్యం లేక.
సగం, బంగారుపాళెం దారిలో
తోతాపురి గుజ్జు తీసే ఆడోళ్ళ సంఘానికి.
ఏడు శాతం అన్నారు.
కాయ ధర పడిపోయిన ఏడు నాలుగే ఇచ్చి,
మొహమాటంగా ఒక తాండ్ర చుట్ట చేతిలో పెట్టినారు.
పళ్ళకు అంటుకుపోయింది. తియ్యగానే ఉంది.

నిన్న జోజప్ప మళ్ళీ వచ్చినాడు.
ఈసారి జాబితా ముందే చదువుకున్నాడంట,
ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చెప్పినాడు.
లేచి చెప్పులేసుకోను వంగితే
చొక్కా జేబులో
అగ్గిపెట్టె గలగలమంది.