రాచకొండ ఎనక దిక్కు

ఆదివారం ధర్మకాంటా బందు.
పొద్దుగాల్నే మొగిలి వచ్చి
బండి ఆపకుండనే "గుట్టకు పోదాం పా" అన్నడు.
ఏ గుట్ట అని అడగలేదు.
చౌటుప్పల్ దాటి నారాయణపురం తొవ్వ పట్టి
సీతాఫలం పొదల్ల బండి దాచి
ఎనక దిక్కు నుంచి ఎక్కినం,
మెట్లున్న దిక్కు కాదు.

నాకు గుట్టలు టన్నుల్ల తెలుసు.
పదహారేండ్లుగా నా కిటికీ ముందర
ఒక్కొక్క లారీ ఒక్కొక్క ముక్కను తెచ్చి నిలబెడ్తది,
నేను చీటీ చింపి ఇస్త.
నిలబడి ఉన్న గుట్ట మీద చెయ్యి పెట్టింది
ఎన్నడో చిన్నప్పుడు.

మొగిలిది రాయి కొట్టే ఇల్లు.
తాతది సమ్మెట, నాయినది సమ్మెట,
వీనికి కంప్రెషర్ మిషిన్.
అందుకే కుడి చెవు పోయింది.
అయినా ప్రతి బండకు
గులకరాయితోటి రెండు దెబ్బలు కొట్టి
ఎడమ చెవు ఆనిస్తడు.
"ఖంగుమన్నదనుకో, కాలు పెట్టు.
సప్పగ పలికిందా, లోపల పొర ఇడిసింది,
దాన్ని నమ్మకు."
మా వాడకట్టుల మనుషుల పేర్లు
ఒకటి రెండు నాకు యాదికొచ్చినయి.

వాని అడుగుల్ల అడుగులేసిన.
అడుగులు చాలని కాడ చేతులేసిన.
చేతులు గూడ చాలని కాడ
మోకాళ్లు, మోచేతులు, ఒకసారైతే గదుమ.

పోను పోను గుట్ట వీపు సన్నబడ్డది,
బక్క ఎద్దు వెన్నుపూస తీరు.
ఒక దిక్కు మోదుగులు,
ఇంకో దిక్కు వట్టి గాలి.
బండల సందున పచ్చి పెంట,
నిండా సీతాఫలం గింజలు.
మొగిలి వంగి చూసి
"ఎలుగు. మనకన్న ముందే వచ్చి పోయిండు
పెద్దమనిషి" అని దండం పెట్టిండు.

కాలు జారింది గొప్ప చోటేం కాదు.
నున్నటి పరుపు బండ, రాత్రి వాన, పాకురు.
అరిచిన్నో లేదో యాది లేదు.
వాని వేళ్లు నా మణికట్టు మీద పడ్డయి,
అందుల ఒకటి పొట్టిది, మందుగుండు తిన్నది.
నేను వేలాడినంత సేపు వాడు మాట్లాడలే.
పైకి గుంజి, ఊపిరి పీల్చుకొని
"డెబ్బయి ఆరు" అన్నడు.
"డెబ్బయి నాలుగే" అన్న.
"చెప్పులు తియ్యలేదు గద" అన్నడు.
ఆ సన్నటి వీపు మీద కూసోని
కండ్లల్ల నీళ్లొచ్చే దాక నవ్వినం.
కాళ్లు వణుకుడు మాత్రం
చానా సేపటికి గాని ఆగలేదు.

పైన ఒక దొన. చారెడు ఆకాశం.
తోకకప్పలను పక్కకు తోసి
దోసిళ్లతో తాగినం.
అక్కడి నుంచి చూస్తే
క్రషర్లు ఆదివారం నిద్రల ఉన్నయి.
గుట్టల వరుసల తెల్లటి ఖాళీలు,
ముసలి నోట్ల ఊడిన పండ్ల జాగలు.
"అగో, అది నువ్వు కొట్టింది" అన్న.
"అగో, నువ్వు తూచింది గూడ" అన్నడు.
ఇద్దరిల ఎవ్వరం ఇంకో ఖాళీని చూపియ్యలే.

కొసకు ఒక గుండు,
ఇంకో గుండు మీద ఎట్ల నిలబడ్డదో నిలబడ్డది.
మొగిలి గులకరాయి పారేసి
దానికి చెవు ఆనిచ్చిండు, కుడి చెవు.
"అది ఇనపడదు గదరా?"
"ఇనపడదనే పెట్టిన.
ఎడమ చెవుకు ఎక్కడ పగుల్తదో చెప్పుడు అలవాటైంది."

చానా సేపు అట్లనే ఉండి
కండ్లు తెరవకుండనే అడిగిండు,
"ఎంతుంటది ఇది?"

పొడుగు, ఎడల్పు, ఎత్తు
నా లోపల అప్పటికే గుణించుకుంటున్నయి.
అంకె నాలుక కొసకొచ్చింది.
"కాంటా బందు ఈయాల" అన్న.

దిగేటప్పుడు సగం దూరం కూసోని జారినం.
నా ప్యాంటు పోయింది.
వాడు దాని గురించి ఊరంత చెప్పిండు,
చెయ్యి పట్టుకున్న ముచ్చట ఒక్కటి తప్ప.

సోమవారం ఆరింటికి మొదటి లారీ.
చీటీ రాస్తుంటే చొక్కా చేయి వెనక్కి జరిగింది.
మణికట్టు చుట్టూ కమిలిన మరకలు,
నాలుగున్నర.