ఖాళీ బండి బరువు

ఎస్‌ఏ వన్ పరీక్షల్ల నా బిడ్డ సహస్రకు
లెక్కల్ల పదకొండు.
పేరు వెయ్యి, మార్కులు పదకొండు అని
వాళ్ల నాయన నవ్విండు.
నేను నవ్వలే.

మిల్లుల షిఫ్టు దిగి, తలల తవుడు అట్లనే ఉండంగ
హనుమాన్‌పేట పొంటి ట్యూషన్ దేవులాడిన.
కరెంటు స్తంభానికి అంటించిన కాయితం,
కింద చింపుకపోయిన నెంబర్లు,
పండ్లూడిన దువ్వెన లెక్క.
మిగిలిన ఒక్క పన్ను పీకి ఫోన్ జేస్తే
"ఏ బడి?" అన్నరు.
సర్కారు బడి అన్న.
ఆ దిక్కు ఫోన్ల టీవీ సప్పుడు ఒక్కటే మిగిలింది.

ఇంకో గల్లీల ఒకామె ఇంటి మెట్ల కాడ
నలభై జతల చెప్పులు.
ఒక్కొక్కటే లెక్కవెట్టి, ఇంక జాగ లేదని
అక్కడ్నించే మళ్లిన.
మరొకాయన నెలకు పదిహేను వందలన్నడు,
రెండు నెలలది ముందే.
గోడ నిండ ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు.
వాళ్లు ఈన్నే చదివిన్రా అంటే
ఛాయ్ తాగుతవా అమ్మా అన్నడు.

ఆఖరికి దొరికింది యాడ అంటే
సాగర్ రోడ్డు మీది ధర్మకాంట కాడ.
గాజు గదిల, కంప్యూటర్ ముంగట, మట్టయ్య సారు.
ఎమ్మెస్సీ లెక్కలు. రాత్రి డ్యూటీ. పదమూడు వేలు.
డీఎస్సీ రెండుపార్లు చేతికంది జారిందని
ఆయన చెప్పలే, లారీ డ్రైవర్లు చెప్పిన్రు.
"లారీల నడుమ చెప్త, లారీ వస్తే ఆపుత.
ఆపిన టైముకు పైసలెట్ల తీసుకోను?
నాలుగొందలియ్యి."

ఏడు గొట్టంగ పోతుంటిమి.
నేను తలుపు కాడ కూసొని
పురికొస ముడులు ఇప్పుకుంట ఇనేది.
లారీ ఎక్కుతది, గది వణుకుతది,
ఎర్ర అంకెలు ఉరికి ఉరికి నిలవడతయి.
"నిండు బండిల నుంచి ఖాళీ బండి తీసేయ్.
ఎక్స్ అంటే దయ్యం గాదు బిడ్డా,
ఇంక దించని సరుకు."
సహస్ర కిసుక్కుమన్నది.
లెక్కల పుస్తకం ముంగట అది నవ్వంగ
నేను జూసుడు అదే మొదలు.

వడ్ల సీజన్ల ఒకనాడు
వేములపల్లి నుంచి మా అన్న ట్రాక్టరొచ్చింది.
మిల్లు కాడికి పోయొచ్చి, చీటీ కోడలు చేతుల పెట్టి
"జెర జూడు బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు" అన్నడు.
నూట ఇరవై బస్తాలు.
బస్తాకు రెండు కిలోలు తరుగు.
ఎవ్వలడగక ముందే పెన్ను దీసింది పిల్ల.
"రెండు క్వింటాళ్ల నలభై కిలోలు మామా.
ఇరవై మూడొందల లెక్కనేసుకున్నా
ఐదు వేల ఐదొందల ఇరవై.
దించినంక గూడ కనవడ్తలేదు గద సారూ,
దీన్నేమంటరు?"

సారు గాజు దిక్కు జూసిండు.
అవతల మిల్లు గుమస్తా బీడీ ముట్టిస్తుండు.
"ఇది సిలబస్ల లేదు" అన్నడు,
తనకే ఇనవడనంత మెల్లగ.
మా అన్న తువ్వాల దులుపుకొని లేచిండు.

నేను ఆ మిల్లులనే కూలి.
అన్న కాడ కోసిన గింజలల్ల
నా వారం పైసలెన్నో,
ఆ లెక్క మాత్రం ఏ సారునూ అడగలే.

తెల్లారి పోవాల్నా వద్దా అనుకుంటనే పోయినం.
సారు ఉన్నడు.
పాత చీటీ వెనక, తెల్లటి దిక్కు
నిన్నటి లెక్కనే రాసిపెట్టిండు,
జవాబు కాడ ఖాళీ ఇడిసి.
"పెన్సిల్ వద్దు, పెన్నుతోని రాయి."

అంతల లారీ ఎక్కింది. గది వణికింది.
పిల్ల ఇంక గుణిస్తనే ఉన్నది.
డ్రైవర్ హారన్ కొట్టిండు, మళ్ల కొట్టిండు.
సారు తల తిప్పకుంటనే
కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి
ఆగుమన్నడు.