పదును

ఆగస్టులో మనామాలో
కిటికీ అద్దానికి బయటివైపు చెమట పోస్తుంది.
లోపల ఏసీ గొంతు ఆర్చేస్తుంది.
మేడ మీద దుప్పటి మూడు రోజులైనా ఆరదు,
వంటింట్లో రొట్టె మూడు గంటల్లో అట్టముక్క.
ఈ రెండిటి మధ్య
మెట్ల కింది గదిలో ఒక దేవదారు పెట్టె,
అందులో బాబా చుట్టలు.

సిగార్లు అనాలట.
నోరు తిరక్క కాదు,
చుట్టని చుట్ట అనకపోతే
అచ్చియ్యమ్మ కల్లోకొచ్చి తిడుతుంది.

పెట్టె మూతకి గుండ్రటి గడియారం.
టైము చెప్పదు, తేమ చెబుతుంది.
ముల్లు అరవై తొమ్మిది మీద ఉండాలి.
దిగితే స్పాంజికి నీళ్లు పట్టాలి,
కొళాయివి కాదు, ఇస్త్రీ పెట్టెలో పోసేవి.
ఎక్కితే మూత వారగా తీసి పావుగంట.
పొద్దున్న ఆరింటికి పిల్లల టిఫిను డబ్బాలు,
ఆరుంపావుకి చుట్టలు.

మూడేళ్లు ముల్లు మాటే విన్నాను.
మొన్న జులైలో ఒకదానికి పైఆకు చిట్లింది.
దుమ్ము తుడిచేటప్పుడు తెరిచి వదిలేస్తున్నావన్నాడు బాబా.
లేదన్నాను.
మరి అరవై తొమ్మిదే చూపిస్తోందిగా, చూడు!

చూడలేదు.
చుట్టని తీసి బొటనవేలితో మెల్లిగా నొక్కాను.

లంకలో మా పని తెల్లారగట్ల మూడింటికి.
ఆరిన పొగాకు పగలు ముట్టుకుంటే పొడుం.
మంచు దిగి ఆకు మెత్తబడేదాకా ఆగాలి.
పందిట్లో లాంతరు పట్టుకుని అచ్చియ్యమ్మ
ఈనెని వేలికి చుట్టి చూసేది.
విరిగితే,
ఇంకా కాలేదే, పడుకో.
విరక్కపోతే,
లెగండే, పదునొచ్చింది!
ఎండెక్కేలోగా మండె కట్టెయ్యాలి.
ఆవిడ అడ్డపొగ తాగేది, నిప్పు నోట్లో పెట్టుకుని.
నిప్పుకీ ఉమ్మికీ మధ్య ఎంత ఉండాలో
ఏ గడియారమూ చూడకుండానే.

పదును.
నాగలికి ముందు నేలకి ఉండాల్సిందీ
కత్తిపీట అంచుకి ఉండాల్సిందీ ఒకటే మాట.
అరబీలో ఏమంటారో నాకు తెలీదు.
"బాబా, దీనికి దాహం" అన్నాను.
నవ్వాడు. గడియారం జర్మనీది అన్నాడు.

ఆయన కూతురు నూరా నవ్వలేదు.
సీసా మూతలో ఉప్పు పోసి
నాలుగు చుక్కలతో తడి ఇసకలా చేసి
గడియారంతో పాటు జిప్పు సంచిలో మూసేసింది.
తడి ఉప్పు పక్కన గాలి డెబ్బై అయిదే ఉంటుందట,
ఏ ఊళ్లోనైనా.
నాకది కొత్తగా అనిపించలేదు.
జాడీలో ఉప్పు చెమ్మగిల్లితే
మేం ఆకాశం కూడా చూడకుండా వడియాలు ఎత్తేసేవాళ్లం.

తెల్లారేసరికి ముల్లు ఎనభై ఒకటి.
ఆరు ఎక్కువ.
అరవై తొమ్మిదన్నప్పుడల్లా లోపల అరవై మూడే.
నా మూడేళ్ల ఆరుంపావులు!

బాబా ఏమీ అనలేదు.
కొన్ని మాటలు మెట్లు దిగి వంటింటిదాకా రావు.
కొత్త గడియారం కొనుక్కొచ్చి
స్పాంజి మీద గ్లాసుడు నీళ్లు వంచబోతే ఆపాను.
ఒక్కసారి పోస్తే పొట్ట పగుల్తాయి,
బీటలువారిన చేనుకైనా అంతే.
వారానికి ఒక అంకె, రెండంకెలు.

సెప్టెంబరు చివర్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టి
ముల్లు వంక చూడకుండా అడిగాడు,
"బదును?"
ఎప్పుడు విన్నాడో, నాలో నేను గొణుక్కుంటుంటే.
వాళ్ల నాలిక మీద ప లేదు.
"ఇంకా లేదు బాబా. శుక్రవారానికి."

శుక్రవారం రాత్రి మేడ మీద వెలిగించాడు.
నేను ఆరని దుప్పట్లు తిరగేస్తున్నాను.
బరువు గాల్లో పైకి పోలేక
పొగ తీగ మీద నుంచి నా దాకా వచ్చింది.
మా లంక చుట్టకి దూరపు చుట్టమైనా కాదు ఆ వాసన.
సబ్బుకి చిట్లిన బొటనవేలు నోట్లో పెట్టుకుని
అక్కడే కాసేపు నిలబడ్డాను,
ఉప్పగా.