నాలుగో గదికి వేడి

ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద
నాలుగు రేకుల గదులు, నాలుగు నీళ్ల తుపాకులు,
పదిరూపాయల బిళ్లలు మింగే నాలుగు డబ్బాలు.
ఎవరి బండి వాళ్లే కడుక్కోవాల.
వెనక నేను, నా బాయిలరు.

చన్నీళ్లకు ఒక బిళ్ల, వేన్నీళ్లకు రెండు.
బోర్డు మీద ఓనరు రాయించిందింతే.
రాయించనిది ఒకటుంది:
నాలుగో గదికి వేడి చేరదు.

తెల్లారి నాలుక్కే నూనెమిల్లు నుంచి
బుడ్డల పొట్టు గోతాల్లో వస్తుంది.
పొట్టు గబుక్కున అంటుకుంటుంది, గబుక్కున మరిచిపోతుంది.
చేట పట్టుకుని పక్కనే కూచోవాల.
ఎక్కువ పోస్తే పొగ, తక్కువైతే తిట్లు.

బోరు నీళ్లు ఉప్పు.
రాగి చుట్టలో తెల్లగా పెచ్చు కడుతుంది.
నెలకొకసారి విప్పి సుత్తితో తడితే
గుప్పెడు సున్నం రాలుతుంది,
ఈ నేల తన ఎముకలు అరగదీసి
నీళ్లలో కలిపి పంపినట్టు.

ఒకటో గదిలో చెయ్యి కాలుతుంది.
రెండోది తలకు పోసుకోవచ్చు.
మూడోది గొంతు పుక్కిలించను పనికొస్తుంది.
నాలుగో గదికి పోయేసరికి
దారిలో అందరికీ ఇచ్చుకుంటా
చల్లారి చేరుతుంది పైపు,
నా జీతం ఇల్లు చేరినట్టు.

గోనెపట్టలు చుడితిని. పాత కంబళి చుడితిని.
"ఇంకో పంపు పెట్టాలంటే ఇరవై వేలు.
ఎండాకాలం రానీలే" అన్నాడు ఓనరు.
ఆయన మాటా నిజమే.
మేలో మిద్దె మీది నల్ల ట్యాంకు
మధ్యాన్నానికి దానంతటదే ఉడుకుతుంది.
పొయ్యి ముట్టించకుండానే రెండు బిళ్లలు.
అప్పుడందరూ చన్నీళ్లు అడుగుతారు.
ఉంటే కదా.

ఇది మార్గశిరం.
ఒకటో గదిలో జిన్నింగు మిల్లు లారీ,
గ్రీజుకు పత్తి అంటుకుని అడుగంతా గడ్డం పెరిగింది.
రెండులో బంతిపూలు వాడిన పెండ్లికారు.
మూడులో స్కూటరాయన, సబ్బు నురగ మోచేతుల దాకా.
నాలుగులోకి ఖాదర్‌వలి ఆటో.

ఆరేండ్లుగా చూస్తాండా,
ఒక్క పొద్దూ వేన్నీళ్లు అడగలేదు.
ఈ పొద్దు రెండు బిళ్లలు వేసె.
మళ్లా రెండు. మళ్లా రెండు.
ఆటో అప్పటికే మెరుస్తాంది.
తుపాకి మాత్రం వెనకద్దం మీది నుంచి కదల్లేదు.

పోయి చూస్తిని.
పచ్చటి స్టిక్కరు అక్షరాలు, పక్కన సీతాకోకచిలుక.
ముబీనా.
గోటితో గీకి గీకి, 'ము' కొమ్ము ఒక్కటి లేచింది.

"పదకొండుకు ఫైనాన్సోళ్లు వస్తారక్కా.
బండి వాళ్లదే, తీస్కపోనీ.
పాప పేరుకు నేను అప్పు తీసుకోలేదు గదా."

నీళ్ల కింద చెయ్యి పెడితిని.
గోరువెచ్చన కూడా లేవు.

వెనక్కి వచ్చి ఒకటో వాల్వు మూస్తిని.
రెండోది. మూడోది తుప్పు పట్టింది, కొంగు చుట్టి తిప్పితిని.
పొయ్యిలోకి మూడు చేటల పొట్టు ఒక్కతూరే.

లారీ క్లీనరు అరిచె.
పెండ్లికారోడు బిళ్లల లెక్క చెప్పబట్టె.
స్కూటరాయన నురగ చేతులు ఎత్తి నిలబడె,
ఎవరో తుపాకి చూపించినట్టు.
"పైపుకు గాలి పట్టింది, అయిదు నిమిషాలు" అంటిని.

కంబళి కింద పైపు
మొదటిసారి చెయ్యి పెట్టనీలేదు.
నాలుగో గదిలో ఆవిరి లేచె.

జిగురు మెత్తబడితే చప్పుడుండదు.
'ము' వచ్చె. 'బీ' వచ్చె.
'నా' కాసేపు సతాయించె.
ఒక్కో అక్షరం ఎత్తి
టిఫినుడబ్బా మూతకు అంటించుకునె.
సీతాకోకచిలుక రెక్క చినిగింది. దాన్నీ వదల్లేదు.

అద్దం మీద, ఆరేండ్ల ఎండ గీతల నడుమ
ఎండ తగలని గాజు మూడక్షరాలంత మిగిలింది.
దాన్ని ఏ నీళ్లూ కడగలేవు.
అది ఫైనాన్సోళ్లకే పోయింది.

రాత్రి డబ్బాలు విప్పి లెక్కపెట్టుకుంటా ఓనరు అడిగె:
"నాలుగులో పది బిళ్లలున్నాయే ఉరుకుందమ్మా,
వేన్నీళ్లు ఎట్ల అమ్మితివి?"

"పొట్టు ఈ పొద్దు బాగా మండింది సారూ"
అంటిని.